గడ్డిబీటి తగవు: నికెల్ కుటుంబ చరిత్రము



ఈ సాయంకాలము మీకు దూరదేశపు కుటుంబమొకదాని చరిత్రము చెప్పదలచితిని. ఆ దేశము అమెరికా. అందలి రాష్ట్రము వయోమింగ్. ఆ కుటుంబము నికెల్ వారిది. వారు రాజులు కారు, సేనాపతులు కారు. ప్రభుత్వపు బంజరు తెచ్చుకొని, దానిమీద ఇల్లు కట్టుకొని, మొదట ఆవులను, పిదప గొఱ్ఱెలను పెంచి బ్రతుకదలచిన సామాన్యులు. 1901 సంవత్సరము జూలై 18వ తేదీ ఉదయమున వారి కుమారుడు విల్లీ తమ పొలము గేటుకడ తుపాకి దెబ్బ తిని చనిపోయెను. వానికి అప్పటికి 14 ఏండ్లు. వాడు ఎవరికిని కీడు చేసినవాడు కాడు. పెద్దవారి తగవులో వాడు బలియయ్యెను. ఆ తగవు గడ్డినిగూర్చినది.

ఈ కథ మీకే ఏల చెప్పవలెనన్న, గట్టు తగవులు, దారి తగవులు, పశువులు చేనబడిన తగవులు తీర్చు భారము మీమీద నున్నది. నేనును కొన్నాళ్ళు మా ఊరి పంచాయతులలో కూర్చున్నవాడనే. గొఱ్ఱెలు చేను మేసినవని యొకరు, బాట మూసిరని మఱియొకరు వచ్చినప్పుడు, “కోతలు కానిండు, తరువాత చూతము” అని పంపివేసిన దినములు నాకు గలవు. ఆ వాయిదాలవలన మా ఊరిలో ప్రాణహాని కలుగలేదు. అది మా అదృష్టము గాని మా తెలివి కాదని ఈ నికెల్ వారి చరిత్ర చదివినప్పుడు నాకు తోచినది.

మొదట ఆ దేశపు భూమి సంగతి తెలిసికొనవలెను. 1862లో అబ్రహాము లింకను అధ్యక్షుడై యున్నప్పుడు అమెరికాలో హోమ్‌స్టెడ్ చట్టమను నొక శాసనము చేసిరి. ఇరువదియొక్క యేండ్లు నిండినవాడు గాని, కుటుంబమునకు యజమానియైనవాడు గాని, స్త్రీయైనను పురుషుడైనను, ప్రభుత్వపు భూమిలో 160 ఎకరములు కోరుకొనవచ్చును. దానిమీద ఇల్లు కట్టి, అయిదేండ్లు కాపురముండి, సాగుచేసి చూపినచో ఆ భూమికి పట్టా దొరకును. రుసుములన్నియు కలిపి 18 డాలర్లు. మన ప్రాంతములలో బంజరునకు దరఖాస్తు పెట్టి పట్టా పొందుటవంటిదే యిది. ఈ విధమున ఆ దేశమున సుమారు 16 లక్షల కుటుంబములకు 27 కోట్ల ఎకరములు చేరినవి. అది ఆ దేశపు నేలలో పదింట నొక వంతు. ఆ భూములు మొదటినుండియు ఎవరికిని చెందనివని అనుకొనరాదు. షయాన్, అరపాహో మొదలగు జాతులవారు అక్కడ తరతరములుగా వేటాడి బ్రతికినవారు. వారిని తొలగించిన తరువాతనే ఆ నేలలు ఖాళీయైనవి.

చట్టము చేసినవారు వానలు బాగుగా కురియు తూర్పు సీమలను మనసునందుంచుకొని 160 ఎకరములని నిర్ణయించిరి. అక్కడ అది గొప్ప కమతమే. కాని వయోమింగ్ మెట్టసీమ. షయాన్ పట్టణము సముద్రమట్టమునకు ఆరువేల అడుగుల ఎత్తున నున్నది. ఏటికి వానయు మంచును కలిపి సుమారు 15 అంగుళములు. మన అనంతపురపు కరవుసీమలో సైతము ఇంతకంటె హెచ్చు వాన పడును. చలికాలము దీర్ఘము, గాలి తీవ్రము. అట్టి నేలలో 160 ఎకరములు దున్నినను కుటుంబము గడవదు. పశువులను పెంచుటయే దారి. పశువులకు 160 ఎకరముల గడ్డి చాలదు. అందుచేత పట్టాదారుడైన ప్రతివాడును తన ఇల్లును, నీటి మడుగును, ఎండుగడ్డి కోసికొను పల్లమును పట్టాభూమిలో నుంచుకొని, మందలను మాత్రము చుట్టునున్న ప్రభుత్వపు బయలులోనికి తోలుచుండెను.

ఆ బయలు మన పోరంబోకు వంటిది. దానికి శిస్తు లేదు, పట్టా లేదు, అడ్డు లేదు. ఎవరి పశువులు ఎన్ని మేయవలెనో, ఏ నెలలో మేయవలెనో చెప్పు నియమమును లేదు. ముందు వచ్చినవాడు, బలము గలవాడు, మనుష్యులు గలవాడు మేపుకొనును. మన గ్రామములలో పరుల చేనబడిన పశువును బందెలదొడ్డికి తోలుటయు, యజమాని అపరాధము చెల్లించి విడిపించుకొనుటయు ఎఱుగుదుము. ఆ చిన్న యేర్పాటు ఎన్ని కొట్లాటలను ఆపినదో లెక్కింపలేము. ఆ బయలుగడ్డికి అట్టి యేర్పాటేదియు లేదు.

అందు మొదట పాతుకొన్నవారు పెద్ద పశువుల కంపెనీలవారు. ఇంగ్లండు, స్కాట్లండు దేశముల ధనవంతులు సైతము వానిలో సొమ్ము పెట్టిరి. వేలకొలది ఆవులు ఆ బయలులో మేసెను. 1886 వేసవి వానలు లేక గడ్డి సన్నగిల్లెను. ఆ వెంటనే వచ్చిన చలికాలమున మంచు దట్టముగా పేరుకొని, పశువులు గడ్డి అందక గుంపులుగుంపులుగా చచ్చెను. పెక్కు కంపెనీలు దివాలా తీసెను. మిగిలినవారు తమకు మిగిలిన గడ్డిని మఱింత గట్టిగా పట్టుకొనిరి. అదే కాలమున చిన్న పట్టాదారులును, గొఱ్ఱెలవారును ఆ సీమకు హెచ్చుగా రాజొచ్చిరి. గొఱ్ఱెలు చలికి ఓర్చును. నీరు లేనిచోట మంచు నాకి బ్రతుకును. ఏటికొకసారి ఉన్ని, మఱల పిల్లలు, రెండు విధముల రాబడి కలదు. చిన్న కుటుంబమునకు గొఱ్ఱెయే మేలు.

కాని ఆవులవారికి గొఱ్ఱెలపేరు చెప్పిన సరిపడకుండెను. గొఱ్ఱె గడ్డిని మొదలంట కొఱుకుననియు, దాని గిట్టలు నేలను చెఱచుననియు, గొఱ్ఱె త్రాగిన నీటిని ఆవు ముట్టదనియు వారు చెప్పుచుండిరి. ఒక్కచోటనే అతిగా మేపినచో గొఱ్ఱె నేలను పాడుచేయుట నిజమే. ఆవులును అట్లే చేయును. మన ప్రాంతమున రైతు తానే గొఱ్ఱెలమందను పిలిపించి, ఎరువునకై చేనిలో కట్టించుకొని కాపరికి ధాన్యమిచ్చును. అక్కడ రైతునకును కాపరికిని అట్టి ఇచ్చిపుచ్చుకొనుట లేదు. ఉన్న గడ్డి ఒక్కటే, దానికి నోళ్ళు రెండు. అసలు కలహము అందున్నది.

ఇక నికెల్ వారి సంగతి. కెల్స్ నికెల్ కెంటకీ రాష్ట్రమున పుట్టినవాడు. సైన్యమున పనిచేసి పడమటికి వచ్చెను. మేరీ మహోనీ యను నామెను పెండ్లాడి, 1880వ దశకము నడుమ, షయాన్ పట్టణమునకు వాయవ్యముగా సుమారు 40 మైళ్ళ దూరమున, ఐరన్ మౌంటెన్ అను చోట భూమి తెచ్చుకొని కాపురము పెట్టెను. వారికి పెక్కుమంది బిడ్డలు. వారిలో నొకడు విల్లీ. ఆ సీమలో ఇల్లు కట్టుట, కంచె వేయుట, ఎండుగడ్డి కోయుట, మంద వెంట పోవుట, ఇవన్నియు కుటుంబమంతయు కలిసి చేయు పనులు. పది పండ్రెండేండ్ల పిల్లవాడు గుఱ్ఱమెక్కి పెద్దవాని పని చేయును. విల్లీయు అట్టివాడే.

కెల్స్ కష్టజీవి. అయితే కోపిష్ఠి. ఇరుగుపొరుగువారితో సరిపెట్టుకొనుట యెఱుగనివాడని అతనిని తెలిసినవారందఱు చెప్పిరి. ఇది దాచవలసిన సంగతి కాదు. 1890లో పొరుగుననున్న పెద్ద పశువుల కంపెనీకి చెందిన జాన్ కోబుల్ అనువానితో మాటామాట పెరిగి అతనిని కత్తితో పొడిచెను. కోబుల్ బ్రతికెను. కాని ఆ గాయముతో పాటు పగయు మిగిలెను.

కోబుల్ ధనవంతుడు. నికెల్‌కు దగ్గఱ పొరుగువాడు మఱియొకడు కలడు. అతని పేరు జిమ్ మిల్లర్. అతడును నికెల్ వలెనే చిన్న పట్టాదారుడు, బిడ్డలు గలవాడు. వీరిద్దఱికి కంచె విషయమునను, పశువుల విషయమునను తగవులు పుట్టెను. వాని పశువు వీని పొలమున, వీని పశువు వాని పొలమున పడుచుండెను. ఒకరిమీద నొకరు ఫిర్యాదు చేసికొనిరి. చేయి చేసికొనిరి. తండ్రులను చూచి పిల్లలును కొట్లాడిరి. నికెల్ పిల్లవాడు విల్లీయు, మిల్లర్ కొడుకులును ఎదురుపడినచోట కలహించుకొనుచుండిరి. రెండిండ్ల నడుమ దూరము కొలదియే. ఉన్న బడియు ఒక్కటే.

శ్రోతలారా, ఇచ్చట ఒక్క క్షణమాగి ఆలోచింపుడు. ఇద్దఱును చిన్నవారే. ఇద్దఱికిని వానలేదు, గడ్డిలేదు, చేతిలో రొక్కము లేదు. పెద్ద కంపెనీవారికి ఇద్దఱును ఇష్టులు కారు. వీరొకరికొకరు తోడుగా నుండవలసినవారు. అట్లు గాక ఒకరికొకరు భయపడి తుపాకులు పట్టుకొని తిరుగనారంభించిరి.

మొదటి బలి మిల్లర్ ఇంట జరిగినది. నికెల్ ఎప్పుడు మీదపడునోయని జిమ్ మిల్లర్ తుపాకిని వెంట నుంచుకొనుట అలవాటు చేసికొనెను. 1900లో ఆ తుపాకి ప్రమాదవశమున ప్రేలి అతని కుమారునికే తగిలెను. ఆ పిల్లవాడు చనిపోయెను. పొరుగువానికై పట్టిన ఆయుధము సొంత బిడ్డను చంపెను. అట్టి సమయమున మనుష్యుడు తన్ను తాను నిందించుకొనవలెను. కాని అది మహాకష్టము. నికెల్ భయముచేతనే గదా తాను తుపాకి పట్టవలసివచ్చినదని మిల్లర్ తలంచెను. తన బిడ్డ చావునకు నికెల్‌నే దోషిగా నెంచెను. ఆ దుఃఖమున ఎవరైనను నడుమ నిలిచి ఇద్దఱిని ఒకచోట కూర్చుండబెట్టి యుండినచో తగవు అంతటితో ఆగియుండునేమో. అట్లు జరుగలేదు.

మఱుసటి యేడు, అనగా 1901 వసంతకాలమున, కెల్స్ నికెల్ ఐరన్ మౌంటెన్ సీమకు గొఱ్ఱెలమందను తోలుకొని వచ్చెను. చుట్టును ఆవులవారు. నడుమ గొఱ్ఱెలు. ఇది తన హక్కని అతడు వాదించెను. చట్టమును బట్టి చూచినచో అతని మాట నిజమే. బయలు ప్రభుత్వమువారిది. ఆవుల కెంత హక్కున్నదో గొఱ్ఱెల కంతయే. కాని హక్కు వేఱు, తెలివి వేఱు. ఇంతకుముందే ఇరువైపుల పగ గలవాడు, ఎవరితోను మాట్లాడక, ఎవరికిని నచ్చజెప్పక, ఆ మందను తెచ్చి బయలున విడిచెను. ఇరుగుపొరుగువారందఱు ఒక్కటైరి.

జూలై 18వ తేదీ ఉదయమున కెల్స్ తన కుమారుడు విల్లీని ఒక పనిమీద పంపెను. అంతకుముందు పనికై తమ యింటికి వచ్చి వెడలిపోయిన గొఱ్ఱెలకాపరి యొకడు కలడు. వానిని వెదకి తిరిగి పిలుచుకొని రావలెను. విల్లీ తండ్రి గుఱ్ఱమునెక్కి బయలుదేఱెను. ఉదయపు చలికి తండ్రి కోటును, టోపీని ధరించెనని చెప్పుదురు. ఇంటికి మైలులోపు దూరమున ముండ్లతీగ కంచెలో గేటొకటి కలదు. ఆ గేటు తీయుటకు గుఱ్ఱము దిగెను. అక్కడ ఎవరో పొంచియుండి కాల్చిరి. బాలునికి రెండు గుండ్లు తగిలెను. ఇంటివైపు కొంత దూరము నడచి పడిపోయెను.

ఆ రాత్రి విల్లీ ఇల్లు చేరలేదు. కాపరిని వెదకుచు దూరము పోయియుండునని ఇంటివారు తలంచిరి. మఱునాటి ఉదయమున తమ్ముడు ఫ్రెడ్ ఆవులను తోలుకొని ఆ గేటు వైపు పోయెను. వానికి పది యేండ్ల ప్రాయము. అన్న శవమును మొదట చూచినవాడు ఆ పసివాడే. బాలుని తల క్రింద చిన్న రాయి యొకటి పెట్టబడియుండెను. అది ఎవరు పెట్టిరో, ఏల పెట్టిరో, ఆనాటినుండి జనులు వాదించుచునే యున్నారు.

తండ్రి దుస్తులలో నున్నందున బాలుని తండ్రి యనుకొని కాల్చిరని పలువురి నమ్మకము. ఆ ఊహకు బలమిచ్చునట్టి సంగతి మూడు వారములు దాటకముందే జరిగినది. ఆగస్టు 4వ తేదీన కెల్స్ నికెల్ మీదనే ఎవరో పొంచియుండి కాల్చిరి. అతని చేయి విఱిగెను, ఒడలికి గాయములు తగిలెను. అయినను పరుగెత్తి ప్రాణము దక్కించుకొనెను. అతడు షయాన్ పట్టణమున ఆసుపత్రిలో నున్న దినములలో ముసుగులు వేసికొనిన మనుష్యులు వచ్చి కాపరిని బెదరించి గొఱ్ఱెలలో కొన్నిటిని చంపిరి. నికెల్ ఇక నిలువలేకపోయెను. గొఱ్ఱెలను అమ్మివేసి, కుటుంబముతో ఐరన్ మౌంటెన్ విడిచి షయాన్ పట్టణమునకు చేరెను. పదునైదేండ్లు పాటుపడి నిలిపిన కాపురము ఒక్క వేసవిలో చెల్లాచెదరయ్యెను.

శవపంచాయతీలో అందఱి అనుమానము మొదట మిల్లర్ వారిమీదికి పోయెను. ఆ సీమ బడిలో పాఠములు చెప్పుచు మిల్లర్ ఇంటనే బసచేసియున్న గ్లెండొలిన్ కిమ్మెల్ అను ఉపాధ్యాయిని, ఆ వేళకు మిల్లర్ తండ్రీకొడుకులు ఇంటనే యుండిరని సాక్ష్యమిచ్చెను. ఆ దారి అంతటితో మూసికొనిపోయెను.

తరువాత అనుమానము టామ్ హార్న్ అనువానిమీద నిలిచెను. వీడు ఒకప్పుడు సైన్యమునకు వేగులవాడుగను, అపాచీ భాషకు దుబాసిగను పనిచేసి పేరుపొందినవాడు. ఆ వెనుక పశువుల కంపెనీలవారికి దొంగలను పట్టు మనుష్యుడుగా కుదిరెను. ఆ పేరిట వాడు కొందఱిని చంపెననియు, అందులకు కూలి పుచ్చుకొనెననియు జనులు చెప్పుకొనుచుండిరి. కోబుల్‌కు వాడు స్నేహితుడు. హత్యకు కొలది దినములముందు మిల్లర్ ఇంటికి వచ్చి యుండెను.

1902 జనవరి 12వ తేదీన జో లెఫోర్స్ అను డిప్యూటీ మార్షల్, ఉద్యోగమిప్పించెదనను నెపమున, హార్న్‌ను షయాన్ పట్టణములోని తన కచేరీకి పిలిపించెను. హార్న్ త్రాగియుండెను. ప్రక్కగదిలో తలుపు చాటున ఇద్దఱు కూర్చుండిరి. వారిలో నొకడు షార్టుహ్యాండు వ్రాయువాడు. లెఫోర్స్ మాటలు లాగగా హార్న్ ఆ బాలుని తానే కాల్చితినన్నట్లు గొప్పలు చెప్పెను. ఆ మాటలన్నియు కాగితము కెక్కెను. మఱునాడు వానిని పట్టుకొనిరి. అక్టోబరు నెలలో జూరీ ముందు విచారణ జరిగి దోషియని తీర్పయ్యెను. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పునే ఖాయపఱచెను. నడుమ ఒకసారి హార్న్ చెఱ తప్పించుకొని వెంటనే పట్టుబడెను. 1903 నవంబరు 20వ తేదీన షయాన్ పట్టణమున వానిని ఉరితీసిరి. మఱునాటికి వానికి 43 ఏండ్లు నిండవలసియుండెను.

నేరమునకు శిక్ష పడినది గనుక కథ ముగిసినదని అనుకొనవచ్చును. ముగియలేదు. త్రాగినవాడు గొప్పకై పలికిన మాటలను నమ్మి ఉరితీసిరని హార్న్ పక్షమువారు వాదించిరి. వ్రాసికొన్న మాటలలో మార్పులున్నవనిరి. హత్యకు మఱి ప్రత్యక్షసాక్షి యెవడును లేడు. 1993లో షయాన్ పట్టణముననే ఆ కేసును మఱల విచారణవలె నడిపి చూచిరి. ఆ జూరీ హార్న్ నిర్దోషియని చెప్పెను. అది చట్టముచేత చెల్లు తీర్పు కాదు. కాని తొంబది యేండ్లు గడచిన పిదప కూడ ఆ సీమవారి మనస్సులో ఆ సంగతి తేలలేదనుటకు అది గుఱుతు. హార్న్ దోషియే యనుకొందము. వానికి కూలి యిచ్చినది ఎవరు? ఆ ప్రశ్న ఏ న్యాయస్థానమునను తేలలేదు. కూలి యిచ్చినాడని యెవరిమీదను తీర్పు రాలేదు.

విల్లీని షయాన్ పట్టణమున సమాధి చేసిరి. ఈ కేసునుగూర్చి వెలువడిన గ్రంథములు ఎక్కువగా హార్న్‌నుగూర్చియే వ్రాసినవి. వాని గుఱి, వాని ధైర్యము, వాని పలుకులు జనులకు వినోదమైనవి. చలనచిత్రములు సైతము తీసిరి. బాలుని పేరు వాని కథలో నొక పుటగా మిగిలెను. మిల్లర్ ఇంట చనిపోయిన పిల్లవానికి ఆ పుటయును లేదు. నేను ఈ చరిత్రను హత్య చేసినవాని వైపునుండి గాక, రెండు కుటుంబముల వైపునుండి చెప్పుటకు కారణమిదియే. కంచె తగవు పెట్టుకొన్నవారు కెల్స్ నికెల్, జిమ్ మిల్లర్. కత్తిపోట్లు పొడిచినవాడును, పడినవాడును పెద్దవారే. వారందఱును బ్రతికిరి. ఒక్కొక్క యింటనుండి ఒక్కొక్క పిల్లవాడు పోయెను.

ఆ గడ్డి తగవు తరువాత ఎట్లు తీఱినదో కూడ చెప్పవలెను. లేనిచో కథ సగము చెప్పినట్లగును. నికెల్ వారి తరువాత కూడ ఆ రాష్ట్రమున గొఱ్ఱెలవారిమీద దాడులు జరిగెను. 1909 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి టెన్‌స్లీప్ అను ఊరి సమీపమున స్ప్రింగ్ క్రీక్ అను వాగు గట్టున గొఱ్ఱెలవారి బసపై ముసుగు మనుష్యులు పడి, జో అలెమాండ్ అను గొఱ్ఱెల యజమానిని, మఱి యిద్దఱిని చంపిరి. ఈసారి పొరుగువారు నోరు మూసికొనలేదు. దాడి చేసినవారిలోనే ఇద్దఱు సాక్ష్యమిచ్చిరి. అయిదుగురు చెఱసాలకు పోయిరి. ఆవులవారికిని శిక్ష పడునని తెలిసిన పిమ్మట అట్టి దాడులు చాలవఱకు అణగిపోయెను.

చట్టమువారును తమ తప్పు గ్రహించిరి. మెట్టసీమలలో 160 ఎకరములు చాలవని 1909లో 320 ఎకరములు చేసిరి. పశువులు పెంచువారికి 1916లో 640 ఎకరములు చేసిరి. అసలు మందు 1934లో వచ్చినది. టేలర్ మేత చట్టమని దానికి పేరు. దానివలన ప్రభుత్వపు బయలును మేతమండలములుగా విభజించిరి. ఎవరు, ఎన్ని పశువులను, ఏ నెలనుండి ఏ నెలవఱకు మేపవలెనో వ్రాతమూలమున అనుమతి యిచ్చి, తలకింతయని రుసుము పుచ్చుకొనసాగిరి. ఆవులవారును గొఱ్ఱెలవారును ఒక్క బల్లచుట్టు కూర్చుండి ఆ లెక్కలు మాటలాడుకొనవలసివచ్చెను. ఆవు మాఱలేదు, గొఱ్ఱె మాఱలేదు, గడ్డియు పెరుగలేదు. ఒక నియమమును, ఆ నియమమును చెప్పు చోటును ఏర్పడినవి. అంతమాత్రమున తుపాకులు మూలబడినవి. విల్లీ చనిపోయిన ముప్పదిమూడేండ్లకు ఆ పని జరిగినది.

ఇందుండి మనము తెలిసికొనవలసినది ఏమి? కెల్స్ నికెల్ మంచివాడు, తక్కినవారందఱు చెడ్డవారు అని నేను చెప్పను. అతని మొండితనము అతనికిని, అతని బిడ్డకును కీడు చేసెను. మిల్లర్ దుర్మార్గుడని చెప్పను. అతడును బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి. నేను చెప్పునది ఒక్కటి. తగవు మొదట చిన్నదిగానే యుండును. ఒక ఆవు కంచె దాటును. ఒక గేటు తెఱచియుండును. ఆ దినమున పెద్దవాడొకడు వచ్చి, ఇద్దఱి మాటలు విని, నష్టము కొలిచి, ఇంత యిచ్చుకొమ్మని చెప్పినచో తీఱిపోవును. తుపాకి ఇంట చేరిన పిదప కొలుచుటకు ఏమియు మిగులదు. అప్పుడు ఎవడు ముందు భయపడునో వాడే ముందు కాల్చును. ఎవనికి తగులునో ఎవరును చెప్పలేరు. తండ్రి కోటు తొడిగికొన్న పిల్లవానికి తగులవచ్చును.

మఱియొక సంగతి. పెద్దల పగ పిల్లలకు సంక్రమించును. విల్లీయు, మిల్లర్ పిల్లలును ఒకే సీమలో పుట్టి ఒకే బడికి పోవలసినవారు. వారికి గడ్డిలెక్కలు తెలియవు. ఇంటిలో విన్న మాటలే వారి చేతులలో రాళ్ళయ్యెను. మీ ఊరిలో ఇద్దఱు రైతులకు మాటలు లేకపోయినచో, ముందు వారి పిల్లలు బడిలో ఎట్లున్నారో కనుగొనుడు. తగవు ఎంత ముదిరినదో దానివలన మీకు తెలియును.

మీ యూళ్ళలో ఈ యేడు తీఱక నిలిచిన గట్టు తగవు ఒక్కటైనను ఉండకపోదు. గొఱ్ఱెలవానిని రైతు తిట్టినదో, బాటకు అడ్డముగా ముండ్లకంప వేసినదో ఉండును. అది చిన్నదే గదా యని మీరును నావలెనే వాయిదా వేసియుందురు. కోతలదాక ఆగవద్దని నా ప్రార్థన. రేపటి ఉదయముననే ఇద్దఱిని పిలిపింపుడు. ఇరువురి మాటలు వినుడు. గట్టు దగ్గఱకు పోయి కంటితో చూడుడు. నష్టమెంతయో అందఱి యెదుట కొలువుడు. తీర్పు ఎవరికి నచ్చినను నచ్చకున్నను, అది ఇంకను గడ్డి తగవుగానే యున్నప్పుడు తీర్చిపెట్టుడు.